నీకేం పోయింది?

వీధిలో ఏదో అన్యాయం జరుగుతుంటుంది. చూస్తూ చూస్తూ ఊరుకోలేక ఓ మాట అడుగుతాం. అటునుంచి వచ్చే జవాబు మనందరికీ కంఠతా వచ్చిందే. "మధ్యలో నీకేం పోయింది?" ఆ పైన, తగుదునమ్మా అని బయల్దేరిందనే బిరుదు కూడా దక్కుతుంది. ఈ ఒక్క ప్రశ్నతో ఎన్ని నోళ్ళు మూతపడ్డాయో లెక్కలేదు.

ఇదే ప్రశ్నని అమెరికాలో కోర్టులే అడుగుతాయంటే నమ్ముతారా? మనవాళ్ళలా విసురుగా కాదు, మర్యాదగానే. కానీ అడగడం మాత్రం మానవు. అక్కడి ఫెడరల్ కోర్టులో కేసు వేసిన ప్రతి ఒక్కరూ మొట్టమొదట జవాబు చెప్పుకోవలసింది దీనికే. మీ వాదనలో న్యాయముందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు మీకేం పోయిందో చెప్పండి! చెప్పలేకపోతే అసలు కథ వినకుండానే కేసు కొట్టేస్తారు. దీన్ని అక్కడ 'స్టాండింగ్' అంటారు. కోర్టులో నిలబడే అర్హత అన్నమాట.

ఎక్కడో అమెరికా కోర్టుల గొడవ మనకెందుకూ అంటారా? కూతురో, కోడలో, చెల్లెలో అక్కడున్న ఇళ్ళు ఇప్పుడు మన చిన్న చిన్న ఊళ్ళలో కూడా ఉన్నాయి. భర్త వెంట హెచ్‌4 వీసా మీద వెళ్ళిన ఆ అమ్మాయిల ఉద్యోగాలు పదేళ్ళపాటు ఓ కేసులో ఊగిసలాడాయి. ఆ కేసు మొదట ఆగిపోయిందీ ఈ ప్రశ్న దగ్గరే, మళ్ళీ కదిలిందీ ఈ ప్రశ్న దగ్గరే. ఆ కథకి వెళ్ళే ముందు అసలీ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరెవరిని ఏం చేసిందో కాస్త చెప్పుకుందాం.

మూడు మెట్లు

అమెరికాలో కోర్టులు రెండు రకాలు. విడాకులు, ఆస్తి పంపకాలు, మామూలు నేరాలు ఎక్కువగా రాష్ట్ర కోర్టులకి వెళతాయి. రాజ్యాంగం, దేశమంతటికీ వర్తించే చట్టాలు, వీసాలు వంటివి ఫెడరల్ కోర్టుల పని. మనం చెప్పుకునే నియమం ఈ రెండో రకానిది. రాష్ట్ర కోర్టుల పద్ధతులు వేరుగా ఉంటాయి.

1787లో రాసుకున్న వాళ్ళ రాజ్యాంగంలో మూడో అధికరణం ఫెడరల్ కోర్టుల గురించి చెబుతుంది. అవి 'కేసులు', 'వివాదాలు' వినాలంటుంది. అంతే. స్టాండింగ్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. వివాదమంటే నిజంగా దెబ్బ తిన్న మనిషి ఒకరుండాలి కదా అంటూ జడ్జీలే తీర్పు వెంట తీర్పు రాసి ఈ నియమాన్ని కట్టుకుంటూ వచ్చారు. ఉత్తపుణ్యానికి అభిప్రాయాలు చెప్పడం వాళ్ళకి మొదట్నుంచీ గిట్టదు. 1793లో సాక్షాత్తూ ప్రెసిడెంటు జార్జి వాషింగ్టన్, ఫ్రాన్సుతో ఒప్పందాల విషయమై కొన్ని సందేహాలు అడిగిస్తే, సలహాలివ్వడం మా పని కాదని సుప్రీంకోర్టు జడ్జీలు చెప్పేశారు. మన దేశంలో అయితే 143వ అధికరణం కింద రాష్ట్రపతి సుప్రీంకోర్టుని సలహా అడగొచ్చు.

ఇవాళ అక్కడ కేసు వేసేవాళ్ళు ఎక్కాల్సిన మెట్లు మూడు. మొదటిది, మీకు ఫలానా నష్టమని చూపించాలి. అది జరిగి ఉండాలి, లేదా ఇదిగో జరగబోతూండాలి. జరిగితే జరగొచ్చు అంటే చెల్లదు. రెండోది, ఆ నష్టం మీరు కేసు వేసినవాళ్ళ వల్లే వచ్చుండాలి. మూడోది, కోర్టు మీ వైపు తీర్పిస్తే ఆ నష్టం తీరాలి. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా గుమ్మంలోంచే వెనక్కి.

వింటే సబబుగానే ఉంది కదూ? అయితే ఈ మెట్ల మీద ఎవరు ఎక్కగలిగారో, ఎవరు జారిపడ్డారో చూస్తే తెలుస్తుంది అసలు సంగతి.

తల్లీబిడ్డల చట్టం మీద ఓ ఇల్లాలి కేసు

అమెరికాలో స్త్రీలకి దేశమంతటా ఓటుహక్కు వచ్చింది 1920లో. ఆ మరుసటి ఏడే గర్భిణుల, పసిబిడ్డల మరణాలు తగ్గించడానికి ఓ చట్టం వచ్చింది. షెపర్డ్-టౌనర్ చట్టమని పేరు. ఆరోగ్య కార్యక్రమాల కోసం కేంద్రం రాష్ట్రాలకి డబ్బిస్తుంది. దాన్ని కోర్టుకి లాగింది ఎవరనుకున్నారు? ఓ స్త్రీయే! పేరు హారియట్ ఫ్రాతింగమ్. కేంద్రానికి ఈ అధికారం లేదు, నేను కట్టే పన్ను ఇలా ఖర్చు పెట్టకూడదు అని ఆవిడ వాదన.

1923లో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. దేశం ఖజానాలో మీ వాటా లక్షలమందితో కలిసిన ఓ రవ్వంత. ఆ రవ్వంత చూపించి ప్రభుత్వం పెట్టే ప్రతి ఖర్చునీ కోర్టుకి లాగితే ఎలా? చట్టం మంచిదా చెడ్డదా అన్న మాటే ఎత్తకుండా పంపేసింది. అలా బాలింతల చట్టం నిలబడింది. 1929 దాకా నడిచింది.

ఇది చదువుతుంటే మనకి హాయిగా ఉంటుంది. మంచి పనికి అడ్డొచ్చిన కేసు గుమ్మంలోనే ఆగింది కదా అని. కానీ ఆ గుమ్మానికి మంచీ చెడూ తెలియదు. ఈ తర్వాతి కథ చూడండి.

కన్నతల్లి అడిగినా

టెక్సాస్ రాష్ట్రంలో పెళ్ళి కాకుండా తల్లయిన ఒకావిడ ఉండేది. తండ్రి బిడ్డకి పైసా ఇవ్వడు. బిడ్డని పోషించని తండ్రిని శిక్షించే చట్టం ఆ రాష్ట్రంలో ఉంది. అయితే అది పెళ్ళిలో పుట్టిన పిల్లలకే అని అక్కడి కోర్టులు అర్థం చెప్పాయి. మరి నా బిడ్డ బిడ్డ కాదా, వాళ్ళ నాన్న మీద కూడా కేసు పెట్టండి అని ఆవిడ ఫెడరల్ కోర్టుకెళ్ళింది.

1973లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి ఆవిడ కేసుని కొట్టేసింది. డబ్బు రాక ఆమెకి నష్టం జరిగిన మాట నిజమేనంది. కానీ ఆమె అడిగినట్టే జరిగితే ఏమవుతుంది? ఆ తండ్రి జైలుకెళతాడు. జైల్లో కూర్చున్నవాడు డబ్బెలా పంపుతాడు? అంటే తీర్పుతో ఆమె నష్టం తీరదు. మూడో మెట్టు మీద జారిపోయింది. ఇంకొకరిని శిక్షించమని అడిగే హక్కు విడి మనుషులకి లేదని కూడా చెప్పింది.

ఈ మాట చదివి ఒళ్ళు మండటం సహజం. తర్కం బాగానే ఉంది గానీ, ఆ తండ్రికి జైలు భయమన్నా ఉంటే డబ్బు తీసేవాడేమో కదా! తీర్పుతో విభేదించిన జడ్జీలలో ఈ మాట అన్నవాళ్ళూ ఉన్నారు.

చిత్రమేమిటంటే, అదే ఏడాది, దాదాపు నెలన్నర ముందు, అదే టెక్సాస్ నుంచి ఇంకో తల్లి కేసు అదే కోర్టుకి వచ్చింది. ఆవిడ తండ్రిని శిక్షించమనలేదు. బిడ్డ ఖర్చులకి డబ్బిప్పించమంది. ఆవిడ గెలిచింది! పెళ్ళిలో పుట్టిన పిల్లలకి తండ్రి నుంచి పోషణ పొందే హక్కు ఇచ్చి, మిగతా పిల్లలకి లేదనడం చెల్లదని కోర్టు తేల్చింది. ఇద్దరు తల్లులదీ ఒకటే కష్టం. ఏం అడిగారన్న దాంట్లోనే తేడా. తనకి నేరుగా అందేదాన్ని అడిగినావిడకి తలుపు తెరుచుకుంది.

బీరు కొట్టు నడిపినావిడ

ఇంకోటి చెబితే నవ్వొస్తుంది. ఓక్లహామా రాష్ట్రంలో తక్కువ ఘాటుండే ఒక రకం బీరు ఆడపిల్లలకి 18 ఏళ్ళకే అమ్మొచ్చు. మగపిల్లలకైతే 21 నిండాలి. ఇదేం వివక్ష అని ఓ కుర్రాడు కేసు వేశాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి నలిగేలోపల అతనికి 21 నిండిపోయాయి! ఇక నీకేం పోయింది నాయనా, వెళ్ళి కొనుక్కో అంది కోర్టు.

అక్కడితో అంతా అయిపోవాల్సిందే. కానీ అతనితో కలిసి కేసు వేసిన మనిషి ఇంకొకరున్నారు. ఓ చిన్న దుకాణం నడుపుకునే ఆవిడ. ఈ చట్టం వల్ల నా బేరాలు పోతున్నాయి, ఆ వయసు కుర్రాళ్ళకి అమ్మితే నా లైసెన్సు పోతుంది అని ఆవిడ చెప్పింది. ఇదీ నష్టమంటే! ఆవిడ నిలబడింది కాబట్టి కేసు నిలబడింది. ఆడామగా తేడా చూపే చట్టాలకి ప్రభుత్వం గట్టి కారణం చూపించి తీరాలన్న సూత్రం 1976 నాటి ఆ తీర్పులోనే స్థిరపడింది. స్త్రీల హక్కుల కేసుల్లో ఇప్పటికీ వాడే సూత్రమది. తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు జడ్జి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అప్పట్లో లాయరుగా ఆ కేసులో పక్కనుండి వాదన పత్రం దాఖలు చేశారు.

అంత పెద్ద సూత్రం పుట్టడానికి బీరు సీసాల మీద పోయిన లాభం కావలసి వచ్చింది. ఆత్మగౌరవం పోయిందంటే కోర్టు తూకం వేయడానికి తంటాలు పడుతుంది. డాలర్లు పోయాయంటే మాత్రం వెంటనే అర్థమవుతుంది. ఈ నియమం గురించి గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది.

టిక్కెట్టు కొన్నారా?

1992 నాటి తీర్పు ఇంకా ప్రసిద్ధం. పైన చెప్పిన మూడు మెట్లని వరసగా పేర్చి పెట్టింది ఆ తీర్పే. రాసింది జస్టిస్ స్కాలియా.

అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడే చట్టం అమెరికాలో ఉంది. అమెరికా డబ్బుతో ఇతర దేశాల్లో జరిగే పనులకి అది వర్తించదని ప్రభుత్వం ఓ రూలు పెట్టింది. ఓ వన్యప్రాణి సంఘం కోర్టుకెళ్ళింది. మీకేం పోయింది అన్న ప్రశ్నకి జవాబుగా తమ సభ్యులైన ఇద్దరు స్త్రీలని చూపించింది. ఒకావిడ 1986లో నైలు నది మొసళ్ళుండే చోట్లు చూడ్డానికి ఈజిప్టు వెళ్ళింది. ఇంకొకావిడ 1981లో ఏనుగులు, చిరుతలు తిరిగే చోట్లు చూడ్డానికి శ్రీలంక వెళ్ళింది. ఆ పనుల వల్ల ఈ జంతువులు నశిస్తే మేం మళ్ళీ చూడలేం, అదే మా నష్టం అన్నారు.

మళ్ళీ ఎప్పుడు వెళతారమ్మా అని అడిగారు. ఎప్పుడో ఒకప్పుడు వెళతాం అన్నారు. ఈసారి పుట్టింటికి ఎప్పుడొస్తావే అంటే 'చూద్దాంలే అమ్మా' అంటామే, అలాగన్నమాట. శ్రీలంకలో అప్పుడు యుద్ధం కూడా నడుస్తోంది. 'ఎప్పుడో ఒకప్పుడు' చాలదని కోర్టు కేసు కొట్టేసింది. విమానం టిక్కెట్టు కొనమనడం అల్పంగా కనిపించొచ్చు గానీ, ఈ కేసులో అలాంటి ఆధారమేదీ లేదని తీర్పుతో ఏకీభవించిన జస్టిస్ కెనెడీ విడిగా రాశారు. ఒక్క టిక్కెట్టు కొనుంటే కథ మారేదేమో!

మన హెచ్‌4 అమ్మాయిల కేసు

ఇప్పుడు మన కథ. భర్త హెచ్‌1బీ వీసా మీద వెళితే భార్యకి వచ్చేది హెచ్‌4. ఉండొచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. ఇంజనీరింగులు, ఎమ్సీయేలు, ఫార్మసీలు చదివి, ఇక్కడ మంచి ఉద్యోగాలు చేసిన అమ్మాయిలు అక్కడికెళ్ళి ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నారు. గ్రీన్‌కార్డు వస్తే గానీ విముక్తి లేదు. భారతీయులకేమో ఆ వరస కొండవీటి చేంతాడంత!

2015లో అమెరికా ప్రభుత్వం ఓ రూలు తెచ్చింది. గ్రీన్‌కార్డు దారిలో భర్త కొంత దూరం వచ్చుంటే హెచ్‌4 భార్య ఉద్యోగానికి అనుమతి అడగొచ్చు. ఆ ఏడాది మే 26 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి ఏడాదిలో 1,79,600 మంది దాకా అర్హులుంటారని ప్రభుత్వమే అంచనా వేసింది. తర్వాత ఆ అనుమతి పొందినవాళ్ళలో పదికి తొమ్మిది మందికి పైగా భారతీయులే, అందులోనూ ఎక్కువమంది స్త్రీలే.

రూలు అమల్లోకి రాకముందే ఏప్రిల్‌లో కేసు పడింది. వేసింది 'సేవ్ జాబ్స్ యూఎస్ఏ' అనే సంఘం. సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే కరెంటు కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసి, వాటిని హెచ్‌1బీ వాళ్ళకి పోగొట్టుకున్నామన్నవాళ్ళు దాని సభ్యులు. వాళ్ళ కష్టం అబద్ధమేమీ కాదు. ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగం పోతే ఏ ఇంట్లో అయినా పొయ్యి వెలగడం కష్టమే. కానీ కోర్టు అడిగింది వేరు. ఈ హెచ్‌4 రూలు వల్ల మీకేం పోయింది?

2016 సెప్టెంబరులో వాషింగ్టన్ డీసీలో జిల్లా జడ్జి తాన్యా ఛట్కన్, మీరు చెప్పే నష్టం ఊహే గానీ రుజువు కాలేదంటూ కేసు కొట్టేశారు. స్టాండింగ్ లేదన్నారు. మన అమ్మాయిలు ఊపిరి పీల్చుకున్నారు.

కానీ కొట్టేసింది గుమ్మం దగ్గరే గదా! రూలు చట్టబద్ధమని జడ్జి అనలేదు. సంఘం అప్పీలుకెళ్ళింది. ఈలోగా 2017లో కొత్త ప్రభుత్వం ఈ రూలే తీసేస్తామని ప్రకటించింది. రూలుని వెనకేసుకొచ్చి వాదించాల్సిన ప్రభుత్వమే చేతులెత్తేస్తే ఇక తమ తరఫున ఎవరు నిలబడతారని హెచ్‌4 మీదున్న వాళ్ళు కొందరు కేసులో తమనీ చేర్చమని అడిగారు, కోర్టు చేర్చుకుంది. నీకేం పోయింది అన్న ప్రశ్నకి వాళ్ళు జవాబు వెతుక్కోనక్కర్లేదు. పోయేది ఉద్యోగమే!

2019 నవంబరులో అప్పీలు కోర్టు తీర్పు తిరగేసింది. సంఘానికి స్టాండింగ్ ఉందంది. కారణం ఏమిటో తెలుసా? ఈ రూలు ఎందుకు పెడుతున్నామో చెబుతూ ప్రభుత్వమే రాసుకుంది, భార్యలకి పనిచేసుకునే వీలుంటే హెచ్‌1బీ భర్తలు విసిగి వెళ్ళిపోకుండా ఇక్కడే ఉంటారని. అంటే కంప్యూటర్ ఉద్యోగాలకి పోటీ పెరిగినట్టే. పోటీ పెరగడమూ నష్టమే అంది కోర్టు. ఆ వార్త వచ్చిన రోజు అక్కడి ఎన్నో ఇళ్ళల్లో కంగారు పుట్టింది. కేసు ఓడిపోయామనే అనుకున్నారు చాలామంది. ఓడిపోలేదు. అవతలివాళ్ళకి గుమ్మం దాటి లోపలికొచ్చే వీలు దొరికింది, అంతే. రూలు సంగతి అప్పుడు తేలాల్సి వచ్చింది.

కేసు మళ్ళీ అదే జడ్జి దగ్గరికి వెళ్ళింది. ఈలోగా రూలు తీసేసే ప్రతిపాదనని 2021 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. 2023 మార్చిలో జడ్జి ఛట్కన్ అసలు విషయం విచారించి, రూలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని తీర్పిచ్చారు. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టూ అదే చెప్పింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. పదేళ్ళ కథ ముగిసింది.

ఈ పదేళ్ళలో ఎంతమంది అమ్మాయిలు ఇల్లు కొందామా వద్దా, ప్రమోషన్ ఒప్పుకుందామా, పిల్లని డే కేర్‌లో వేద్దామా అని ఎటూ తేల్చుకోలేక గడిపారో! కోర్టు కాగితాల్లో ఆ నష్టం ఎక్కడా లేదు.

ఒక్క జాగ్రత్త. ఇది కాంగ్రెసు చేసిన చట్టం కాదు, ప్రభుత్వం పెట్టిన రూలు. పద్ధతి ప్రకారం ప్రభుత్వమే మార్చొచ్చు. 2025 అక్టోబరు 30 నుంచి రెన్యువల్ కోసం పెట్టుకునేవాళ్ళకి, దరఖాస్తు తేలేదాకా పాత అనుమతి దానంతటదే కొనసాగే సౌకర్యం తీసేశారు కూడా. గడువు దగ్గరపడేదాకా ఆగకుండా వీలైనంత ముందే దరఖాస్తు పెట్టుకోమని మీ అమ్మాయికి చెప్పండి.

మూసిన తలుపు తీర్పు కాదు

గుమ్మంలో ఆగిపోవడాన్ని గెలుపోటములుగా పొరబడటం మనకే కాదు, పేపర్లకీ మామూలే. 2024 జూన్‌లో గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్ మాత్ర కేసు చూడండి. 2000 సంవత్సరం నుంచీ అమెరికాలో అనుమతి ఉన్న మందు అది. దాని వాడకం నియమాల్ని ప్రభుత్వం 2016లో, 2021లో సడలించిందని గర్భస్రావాన్ని వ్యతిరేకించే డాక్టర్లు కోర్టుకెళ్ళారు. వాళ్ళు ఆ మాత్ర రాయరు, వాడరు. సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందీ ఒక్కమాటగా, మీకు స్టాండింగ్ లేదన్నారు. మాత్రకి సుప్రీంకోర్టు అండ అన్నట్టు చాలామంది చెప్పుకున్నారు. నిజానికి మాత్ర గురించి కోర్టు ఏమీ తేల్చలేదు. సరైన నష్టం చూపించగల ఇంకెవరైనా వస్తే మళ్ళీ మొదటికే.

ఒక్కోసారి ఒకే కేసులో కొంతమందికి తలుపు తెరుచుకుని, మిగతావాళ్ళకి మూసుకుపోతుంది. 2011లో కాలిఫోర్నియాలో ఒకాయన భార్యతో, మామగారితో కారు కొనడానికి వెళ్ళాడు. అప్పు చరిత్ర చెప్పే కంపెనీ ఇచ్చిన నివేదికలో ఆయన పేరు టెర్రరిస్టుల జాబితాలో పేరుతో కలుస్తోందని వచ్చింది. పేరొకటైన పాపానికి! కారు ఆయనకి అమ్మమన్నారు. చివరికి భార్య తన పేరు మీద కొనాల్సి వచ్చింది. అలాంటి ముద్ర పడ్డ 8,185 మంది తరఫున కేసు నడిచింది. ఎవరి నివేదికలు బయటివాళ్ళ చేతికి వెళ్ళాయో ఆ 1,853 మందికే నష్టం జరిగినట్టని 2021లో సుప్రీంకోర్టు అంది. మిగతా 6,332 మంది మీద కూడా కంపెనీ ఫైల్లో అదే ముద్ర. కానీ ఫైలు సొరుగులోనే ఉంది కాబట్టి, ఆ తప్పుడు ముద్రకి పరిహారం అడిగే స్టాండింగ్ వాళ్ళకి లేదు!

మరి మన దగ్గర?

మన సుప్రీంకోర్టు దారి వేరు. 1979లో బీహారు జైళ్ళలో విచారణ లేకుండా మగ్గుతున్న ఖైదీల కోసం కేసు వేసింది న్యాయవాది పుష్పా కపిలా హింగోరానీ. ఆవిడకేం పోలేదు. పోయినవాళ్ళు కోర్టు దాకా రాలేనివాళ్ళు. పేదరికం వల్లో నిస్సహాయత వల్లో రాలేనివాళ్ళ కోసం మంచి మనసున్న ఎవరైనా రావచ్చని 1981లో జస్టిస్ భగవతి రాశారు. అదే పిల్, ప్రజాప్రయోజన వ్యాజ్యం. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 1997లో వచ్చిన విశాఖ తీర్పు కూడా మహిళా సంఘాలు వేసిన కేసు వల్లే. మీకేం పోయింది అని ఆ సంఘాల్ని అడిగి పంపేసి ఉంటే, ఇవాళ ఆఫీసుల్లో ఫిర్యాదు కమిటీలు ఉండేవా?

అలాగని అమెరికా పద్ధతిని తీసిపారేయలేం. దాన్ని సమర్థించేవాళ్ళు చెప్పే మాటలోనూ పస ఉంది. ఎవరికి నచ్చని చట్టాన్ని వాళ్ళు కోర్టుకి లాగితే, జనం ఎన్నుకున్నవాళ్ళ బదులు జడ్జీలే రాజ్యమేలతారు. స్వయంగా దెబ్బ తిన్నవాళ్ళు ఆధారాలు పట్టుకొస్తారు, గట్టిగా వాదిస్తారు. పేరుకోసం పిల్ వేసేవాళ్ళు మన దగ్గర లేరా? వాళ్ళకి మన కోర్టులు జరిమానాలు వేస్తూనే ఉన్నాయి. ఎటొచ్చీ, ఏది నష్టం, ఎంత నష్టం అని కొలిచే చెయ్యి ఎవరిదన్నదే ప్రశ్న. దుకాణం లాభం ఆ తక్కెట్లో తూగింది. పెళ్ళి కాని తల్లి ఆకలి తూగలేదు.

మనకి పనికొచ్చేది

మనం అక్కడ కేసులు వేయబోవడం లేదు సరే. కానీ మన పిల్లలు అక్కడ ఉంటున్నారు, పనిచేస్తున్నారు, బాడుగకి ఉంటున్నారు, అప్పులు తీసుకుంటున్నారు. వాళ్ళకి చెప్పదగ్గ మాటలు కొన్నున్నాయి. అన్యాయం జరిగిందని ఏడ్చి ఊరుకోకుండా ఏం పోయిందో తేదీతో సహా రాసి పెట్టుకోమనండి. ఆఫరు లెటరు, ఆగిపోయిన జీతం, కట్టిన ఫీజు రసీదు, వచ్చిన ఉత్తరం, అన్నీ. ఎవరి వల్ల పోయిందో రాసుకోమనండి. కోర్టు ఏం చేస్తే అది తిరిగొస్తుందో లాయరుని ముందే అడగమనండి. ఆ ఇద్దరు టెక్సాస్ తల్లుల కథ మర్చిపోవద్దు.

మన ఆడవాళ్ళకి పాలవాడి లెక్క, చాకలి పద్దు, చిట్టీ వాయిదాలు అన్నీ నోటికి వచ్చు. మనకి పోయినదాని పద్దు మాత్రం ఎక్కడా రాసుకోం. మానేసిన ఉద్యోగం, వదులుకున్న చదువు, పోగొట్టుకున్న ఏళ్ళు, వీటి గురించి ఎవరైనా అడిగితే 'పోన్లెద్దూ, నాదేముంది' అనేస్తాం. హెచ్‌4 అమ్మాయిలు అలా అనలేదు. మాకు పోయేది ఇదీ అని లెక్క రాసి కోర్టు ముందు పెట్టారు.

ఈసారి అమెరికాలో ఫలానా కేసు కొట్టేశారని పేపర్లో చదివితే తొందరపడి సంతోషపడకండి, దిగులూ పడకండి. అసలు విషయం విని కొట్టేశారా, గుమ్మంలోంచే పంపేశారా అని వార్త చివరిదాకా చదవండి. గుమ్మంలోంచి పంపితే, ఇంకోరు వచ్చి ఆ తలుపు తట్టే వీలు మిగిలే ఉందన్నమాట.